పదిహేడో ఫీల్డు

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక చిత్రమైన గర్వం ఉంటుంది. ఎంత రాశామని కాదు, ఎంత తక్కువలో సరిపెట్టామని. సత్యవేణికి ఆ గర్వం పాలు కాస్త ఎక్కువే. విశాఖలో కొండవాలున ఉన్న ఆ నాడీ పరిశోధన కేంద్రంలో 'ఆనవాలు' అనే యంత్రం కోసం ఆవిడ రాసిన క్లాసు, అంటే ప్రోగ్రాములో ఒక అచ్చు, ఒక్క స్క్రీన్‌లో పట్టేసేది. పైకీ కిందికీ జరిపి చూడనక్కర్లేదు. దాని పేరు 'మనిషి'.

ఆనవాలు చేసే పని చెప్పడానికి తేలికే. మెదడులో గడ్డ తీసేటప్పుడు దాని చుట్టుపక్కల ఉన్న జ్ఞాపకాలు కూడా పోతుంటాయి. కొన్ని చోట్ల గడ్డ పెరిగితే పోయేది మనుషుల జ్ఞాపకాలే. అందుకని ఆపరేషన్‌కి ముందు రోగి తలకి ఒక టోపీ తగిలించి, తనవాళ్ళను ఒక్కొక్కరినే ఎదుట కూర్చోబెడతారు. వాళ్ళను చూసినప్పుడు మెదడులో ఏమేం మేలుకుందో యంత్రం చదువుతుంది. గాయం మానాక, చదివినదాన్ని మెదడులో బాగున్న మరోచోట తిరిగి రాస్తుంది.

యంత్రం చదివింది జేసన్ రూపంలో బయటికొచ్చేది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక పేరు, పక్కన దాని విలువ, అలా జంటలు జంటలుగా ఉండే మామూలు పాఠం, అంటే టెక్స్టు. ఒక్కో జంట ఒక ఫీల్డు. చిక్కల్లా ఆ పేర్లతోనే. యంత్రం తయారుచేసినవాళ్ళకి ఏ ఫీల్డు ఏమిటో తెలియక వట్టి అంకెలు పెట్టి వదిలేశారు. ఒకటో ఫీల్డంటే ముఖమని, రెండోది గొంతని, నాలుగోది వరస అని ఒక్కొక్కటే కనిపెట్టి, యంత్రం అంకెని మనుషుల మాటతో జతచేయడం సత్యవేణి ఉద్యోగం. 'మనిషి' క్లాసులో ఉన్నదంతా ఆ జతలే.

పదిహేడో ఫీల్డు ఒక్కటే కొరుకుడు పడలేదు. పరీక్షలకి కూర్చున్నవాళ్ళంతా ల్యాబు మనుషులే. వాళ్ళకి చూపించింది తోటి ఉద్యోగులను, క్యాంటీన్ వంటమనిషిని, పేపర్లోంచి కత్తిరించిన సినిమా తారల ఫొటోలను. ఎవరిని చూపించినా పదిహేడులో సున్నా, లేదా సున్నాకి కూతవేటు దూరంలో ఏదో అంకె.

"యంత్రం గోల అయ్యుంటుందండీ, అర్థం లేని అంకెలు," అన్నారు ల్యాబు పెద్ద డాక్టర్ మోజెస్ సుధాకర్. "స్క్రీన్ మీద చూపించనిది క్లాసులో ఎందుకు? వాడని సామాను ఇంట్లో పెట్టుకుంటే బొద్దింకలు చేరతాయి."

అది ఆయన తరచూ చెప్పే మాటే, ల్యాబులో అందరూ పాటించే మాటే. సత్యవేణి పదిహేడుని వదిలేసి, క్లాసు నెత్తిమీద ఒక లైను చేర్చింది. తెలియని పేరు వస్తే పట్టించుకోకు, అని దాని అర్థం. ఆ లైను లేకపోతే ప్రోగ్రాము పదిహేడో ఫీల్డు దగ్గర ఆగిపోయి ఇదేమిటని అరిచేది. చేర్చాక నోరు మూసుకుని పనిచేసింది.

తుపాను హెచ్చరికతో బళ్ళకి సెలవిచ్చిన ఒక రోజు, సత్యవేణి తన చెల్లెలి కూతురు జోషితను వెంటబెట్టుకుని ల్యాబుకి వచ్చింది. పిల్లకి ఆరో ఏడు. ఒక్కచోట కూర్చునే రకం కాదు. దాన్ని కదలకుండా ఉంచడానికి సత్యవేణి తన తలకే టోపీ తగిలించుకుని, పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి యంత్రం నడిపింది. స్క్రీన్ మీద ముఖం వచ్చింది, గొంతు వచ్చింది, వరస దగ్గర చెల్లెలి కూతురని వచ్చింది.

"పెద్దమ్మా, నేను నీ బుర్రలో ఎంతున్నాను?" అని అడిగింది జోషిత.

"స్క్రీన్ నిండా ఉన్నావే తల్లీ. చూడు."

యంత్రం పంపినదాన్ని పంపినట్టే సత్యవేణి నమూనా ఫైలుగా దాచింది. కొత్త మార్పు చేసినప్పుడల్లా ప్రోగ్రాముని దాని మీదే నడిపి చూసుకునేది.

సత్యవేణి పెళ్ళి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు, కుదరలేదు, ఊరుకుంది. ఆదివారాలు మాత్రం జోషితవి. పొద్దున్నే చెల్లెలింటికి వెళ్ళి పిల్లను బీచికి తీసుకుపోయేది. ఇసుకలో ఆడించి, ముంతమసాలా కొనిపెట్టి, ఓడరేవు వైపు కనిపించే పెద్ద క్రేన్లలో 'మీ నాన్నది ఏదో చెప్పుకో' అని పందెం కాసేది. జోషిత తండ్రి తవిటినాయుడు అక్కడ క్రేను నడుపుతాడు. పొద్దు వాలేసరికి పిల్లను తిరిగి తెచ్చి గుమ్మంలో నిలబెట్టేది. అప్పుడు జోషిత పెద్దమ్మ చెయ్యి వదిలేది కాదు. సత్యవేణి ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పుకునేది.

"ఇదిగోనే కుమారీ, నీ సొత్తు. ఒప్పచెప్పీసినాను. ఇంక నా పూచీ లేదు."

"ఇంకో పూట ఉంచుకోవే అక్కా. నాకూ కాస్త ఊపిరాడతాది," అని నవ్వేది చెల్లెలు పైడికుమారి. అంటూనే పిల్లను లాగి ఒడిలో వేసుకునేది. తల ఇసక, కాళ్ళు ఇసక, స్నానం చేయించకపోతే పక్క ఎక్కనివ్వనని తిట్టేది. సత్యవేణి చెప్పులేసుకుని మెట్లు దిగేది. ఆ మెట్ల మీద ప్రతి వారం ఏదో కలుక్కుమనేది. అది తనది కాని పిల్ల అని తెలియడం వల్ల పుట్టే నొప్పి. కానీ ఎంత ముద్దొచ్చినా సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలన్నది సత్యవేణికి ఒంట్లో జీర్ణించుకుపోయిన సంగతి.

కుమారికి తలనొప్పులు మొదలైన కొన్నాళ్ళకి, వంటింట్లో నిలబడి భర్త పేరు గుర్తురాక ఏడ్చింది. స్కాన్ తీశారు. గడ్డ మనుషుల జ్ఞాపకాలుండే చోటే ఉంది. తీయకపోతే మనిషి దక్కదు, తీస్తే తనవాళ్ళెవరూ గుర్తుండరు.

"భయపడకు. నీ గుర్తులన్నీ ముందే తీసి దాస్తాను. మా మిషను ఉన్నది అందుకే," అంది సత్యవేణి.

"నాయుడిని మర్చిపోయినా నాయుడే మళ్ళీ గుర్తు చేస్తాడు. జోషిని మర్చిపోతే మాత్రం నేను బతికినా చచ్చినట్టే. ఏటంటావు?"

"మర్చిపోవు. నాదీ పూచీ."

ఆపరేషన్‌కి ముందు కుమారి టోపీ పెట్టుకుని కూర్చుంది. నాయుడు వచ్చి కూర్చున్నాడు. సత్యవేణి కూర్చుంది. ఆఖర్న జోషిత వచ్చి, కూర్చోమన్న కుర్చీ వదిలేసి తల్లి ఒడి ఎక్కింది. కుమారి పిల్ల నుదుటి మీది జుత్తు వెనక్కి తోసింది. పక్క గదిలో స్క్రీన్ మీద క్లాసులోని ఫీల్డులన్నీ నిండాయి.

చదివినదాన్ని సరిచూశారు. సరిచూసే పద్ధతి కూడా సత్యవేణి పెట్టినదే. యంత్రం పంపినదాన్ని 'మనిషి'లోకి తీసుకుని, తిరిగి జేసన్‌గా రాసి, దాన్ని మళ్ళీ 'మనిషి'లోకి తీసుకుని, మొదటి 'మనిషి'నీ రెండో 'మనిషి'నీ పోల్చి చూడటం. రెండూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఉండక ఏమవుతాయి? రెండూ ఒకే జల్లెడలోంచి వచ్చినవి. జల్లెడ దేన్ని జారవిడిచిందో రెండింట్లో ఏదీ చెప్పదు.

సరిపోయిందని తేలాక యంత్రం పంపిన అసలు పాఠాన్ని చెరిపేయాలి. రోగి మెదడు లోపలి సంగతులు అవసరానికి మించి దాచకూడదని కేంద్రంలోని నైతిక విలువల సంఘం పెట్టిన నియమం అది. మంచి నియమమే. సత్యవేణి మీట నొక్కింది, కుమారి మెదడులోంచి వచ్చిన అసలు పాఠం పోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. గాయం మానాక ఆనవాలుతో రాశారు. కుమారి కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్నవాళ్ళను చూసి, ఇతను నాయుడు, నా భర్త, ఇది సత్యక్క, ఇది నా కూతురు జోషిత, అని తడుముకోకుండా చెప్పింది. జోషిత ఏ ఆస్పత్రిలో పుట్టిందో, వంకాయ కూర పెడితే ఎలా అలుగుతుందో కూడా చెప్పింది. ల్యాబంతా చప్పట్లు కొట్టింది. సుధాకర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. సత్యవేణి గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది, సంతోషంతోనే.

కుమారి ఇంటికి వెళ్ళిన కొన్నాళ్ళకి నాయుడు ల్యాబుకి వచ్చాడు. ఓడరేవు బూట్లతోనే వచ్చి, లోపలికి రాకుండా వరండాలో నిలబడ్డాడు.

"వదినా, మీకెలగ చెప్పాలో తెలీటం లేదు. కుమారి బాగానే ఉంది. వంట చేస్తాది, జోషి గుంటని బడికి తయారు చేస్తాది. అన్నీ చేస్తాది."

"మరింకేం?"

"మొన్న మెట్ల మీంచి గుంట పడిపోనాది. మోకాలు చీరుకుపోయి నెత్తురు. కుమారి చూసి 'అయ్యో, జాగ్రత్తమ్మా' అన్నాది. పక్కింటోళ్ళ పిల్ల పడితే అంటాం చూడండి, అలగ. ఎత్తుకోలేదు వదినా. వెళ్ళి దూది తెచ్చి ఇచ్చింది. గుంట ఏడుపు మానీసి వాళ్ళమ్మకేసి చూస్తా ఉండిపోనాది."

ఇలాంటి మాట ల్యాబులో వినడం అది మొదటిసారి కాదు. అంతకుముందు ఆనవాలుతో జ్ఞాపకాలు రాయించుకున్న ఒక హెడ్‌మాస్టరు భార్య, 'ఆపరేషన్ అయ్యాక మావారికి నేనంటే మర్యాద ఎక్కువైందండీ' అని చెప్పింది. అందరూ నవ్వి, ఆవిడ అదృష్టవంతురాలన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. అది ఎవరూ పట్టించుకోలేదు.

సత్యవేణి ఆ సాయంత్రమే చెల్లెలింటికి వెళ్ళింది. కుమారి పెరట్లో బట్టలు తీస్తోంది.

"అక్కా, నేనే నిన్ను పిలుద్దామనుకున్నాను," అంది. "ఈ పిల్ల నా కూతురని నాకు తెలుసు. తెలుసు, అంతే. దాని గౌనులు మడతపెడతా ఉంటే నాకేటీ అనిపించదు. నాయుడైనా అంతే. నువ్వైనా అంతే. కోపం తెచ్చుకోకు. గుర్తుపట్టగలను, అక్కా. నావాళ్ళని అనిపించదు."

సత్యవేణికి కోపం రాలేదు. వెళ్ళి బట్టలుతికే బండ మీద కూర్చుంది.

మర్నాడు ల్యాబులో 'మనిషి' క్లాసు తెరిచి, నెత్తిమీది ఆ ఒక్క లైను తీసేసింది. నమూనా ఫైలు మీద నడిపింది. ప్రోగ్రాము పదిహేడో ఫీల్డు దగ్గర ఆగి అరిచింది. అన్నాళ్ళుగా తను క్లాసులోంచి చూసిందే తప్ప ఆ ఫైలుని నేరుగా ఎన్నడూ తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. తుపాను రోజున జోషిత ఎదురుగా కూర్చున్నప్పుడు తన మెదడు పంపిన పాఠం అది. ముఖానికి ఒక వరస అంకెలు, గొంతుకి ఒక వరస. పదిహేడు దగ్గర అంకెలు మొదలై పేజీలకి పేజీలు సాగాయి. మిగతా ఫీల్డులన్నీ కలిపినా దానిలో నాలుగో వంతుకి రావు.

పరీక్షలకని ల్యాబుకి ఎవరూ అమ్మను తీసుకురారు. పిల్లలను తీసుకురారు. క్యాంటీన్ వంటమనిషినీ సినిమా తారలనూ చూపించి, పదిహేడులో ఏమీ లేదని తేల్చుకున్నారు.

సుధాకర్ ఆ పేజీలన్నీ చివరిదాకా జరిపి చూశారు. ఆయనకి హెడ్‌మాస్టరు భార్య గుర్తొచ్చి ఉంటుంది. ఇంకా కొందరు గుర్తొచ్చి ఉంటారు.

"కుమారిలో ఆ ప్రేమ మళ్ళీ పెరగదా సార్?" అని అడిగింది సత్యవేణి. "రోజూ పిల్ల కళ్ళముందే ఉంటుంది కదా."

"ఆ చోటు ఖాళీగా వదిలి ఉంటే పెరిగేదేమో. మనం పదిహేడు పంపలేదు కాబట్టి యంత్రం అక్కడ సున్నా రాసింది. ఖాళీ వేరు, సున్నా వేరు సత్యవేణిగారూ. సున్నా ఉంటే మెదడు అదే నిజమనుకుంటుంది."

"ఆమె అసలు పాఠం చెరిపేశాం."

"అవును."

"నాది ఉంది." ఆవిడ స్క్రీన్ వైపు చూపించింది. "అదే పిల్ల. ఈ పదిహేడుని తీసి కుమారి పదిహేడులో పెడితే?"

"అది మీది. ఆమెది కాదు," అన్నారు సుధాకర్. "సున్నా మీద రాయగలం. కానీ ఒకసారి ఇది రాశాక దాన్ని మార్చడానికి మనకి దారి లేదు."

"సున్నా కంటే నయం కదా సార్."

ఇది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆయనకి తెలుసు. ఆకులైనా ఉన్నాయి కదా అన్నది సత్యవేణి వాదన.

కుమారి వెంటనే ఒప్పుకుంది. బండి మీద కూరలు ఎంచుకున్నంత మామూలుగా సరేనంది. నాయుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"వదినా, మీ ఫైల్లో నేను లేనా?"

"లేవు నాయుడూ. ఆ రోజు జోషి ఒక్కతే ఎదురుగా కూర్చుంది."

అతను బూటు అంచుకి అంటిన బురద గీరాడు. "పోన్లెండి. నా సంగతి వదిలీండి. గుంటకి అమ్మ కావాల," అన్నాడు.

సత్యవేణి 'మనిషి' క్లాసులో ఒక లైను చేర్చింది. యంత్రం వైపు పదిహేడు, మనిషి వైపు ఏ మాట రాయాలో తెలియక చాలాసేపు ఆగింది. చివరికి 'మమకారం' అని రాసి జతచేసింది. క్లాసు ఇప్పటికీ ఒక్క స్క్రీన్‌లోనే పట్టింది.

రాయడం అయ్యాక జోషితను లోపలికి పంపారు. పిల్ల గుమ్మం దగ్గరే ఆగింది. ఈమధ్య తల్లి దగ్గరికి చొరవగా వెళ్ళడం మానేసింది. కుమారి తలెత్తి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా కళ్ళు నిండాయి, రెండు చేతులూ చాచింది.

"రావే నా బంగారు తల్లీ."

జోషిత పరుగెత్తుకెళ్ళి ఆ చేతుల్లో పడింది. కుమారి దాన్ని ఎదకి హత్తుకుని, మోకాలి మీద మానిన గాయం మచ్చని నిమిరి నిమిరి ముద్దుపెట్టుకుంది. నాయుడు గోడవారగా నిలబడ్డాడు. భార్య తనవైపు చూసి మర్యాదగా నవ్విన నవ్వు అతనికి కనిపించింది. దాన్ని అతను ఓర్చుకున్నాడు.

తరవాత వచ్చిన ఆదివారం సత్యవేణి చెల్లెలింటికి వెళ్ళింది. ఈసారి అందరూ కలిసి బీచికి వెళ్ళారు. కుమారి ఇసకలో గూడు కట్టింది. ముంతమసాలాలో మిరపకాయ ముక్కలు ఏరి పారేసి పిల్ల నోట్లో పెట్టింది. దూరంగా క్రేన్లు చూపించి 'మీ నాన్నది ఏదో చెప్పుకో' అని పందెం కాసింది. ఆ పందెం కుమారికి ఎవరు నేర్పారా అని సత్యవేణి ఒక్క క్షణం అనుకుంది. సంతోషంలో అంతకు మించి ఆలోచించలేదు. చెల్లెలు దక్కింది, పిల్లకి తల్లి దక్కింది. అంతే చాలనుకుంది.

పొద్దు వాలుతుండగా ఇంటికి వచ్చారు. నాయుడు లోపలికి వెళ్ళి దీపం వేశాడు. జోషిత తల్లి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటింది. కుమారి దాటలేదు. బయటే నిలబడి, వంగి, పిల్ల వేళ్ళను తన చేతిలోంచి ఒక్కొక్కటే విప్పుకుంది. పిల్ల తల నిమిరి, నుదుటి మీద ముద్దుపెట్టి, నిట్టూర్చి నిటారుగా నిలబడింది.

"పద అక్కా," అంది. "పొద్దుపోనాది. ఒప్పచెప్పీసినాం కదా, ఇంక మన పూచీ లేదు."

"ఎవరికే?" సత్యవేణి చెల్లెలి భుజం పట్టుకుంది. "ఎవరికి ఒప్పచెప్పావే కుమారీ?"

"వాళ్ళమ్మకి." అనేసి కుమారి ఆగింది. ముఖంలోకి అయోమయం వచ్చింది. "నేనే కదా. తెలుసు అక్కా, నేనే వాళ్ళమ్మని. కానీ సాయంత్రమయ్యేసరికి ఇక్కడ కలుక్కుమంటాది. ఎంత ముద్దొచ్చినా మనది కాదు గదా, ఇచ్చీయాల గదా, అనిపిస్తాది."

ఎద మీద చెయ్యి వేసుకుని చూపించింది. ఆ చోటు సత్యవేణికి బాగా తెలుసు. అన్ని ఆదివారాలూ ఆ మెట్ల మీద తనకి నొప్పిపుట్టిన చోటే అది. పదిహేడులో ప్రేమ ఒక్కటే ఉందనుకుంది. ఆ ప్రేమకి తను వేసుకున్న హద్దు కూడా ఉంది. ఇప్పుడు అది చెల్లెలి ఒంట్లో ఉంది, ఇక బతికినన్నాళ్ళూ ఉంటుంది.

కుమారి వంగి చెప్పులు తొడుక్కుంది. రెండు మెట్లు దిగి, ఎటు వెళ్ళాలో తోచక అక్కడే నిలబడిపోయింది.

నాయుడు లోపలినుంచి రాలేదు. ఇది అతనికి కొత్త కాదని సత్యవేణికి అప్పుడు అర్థమైంది. జోషిత గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. ఏడవలేదు, గాభరా పడలేదు. రోజూ సాయంత్రం చేసే పనే కాబట్టి ఒక్కో మెట్టూ జాగ్రత్తగా దిగి, తల్లి కొంగు పట్టుకుని మెల్లగా లాగింది.

"అమ్మా, మనిల్లు ఇదే. లోపలికి రా."